మొహీనేర్ ఘోడాగులి: గిటారు వెనక బావుల్ బాణీ

కలకత్తా బృందం మొహీనేర్ ఘోడాగులి ప్రస్తావన వస్తే విమర్శకుడు గిటారు దగ్గరే ఆగిపోతాడు. డెబ్భైల నాటి కుర్రాళ్ళు, బాబ్ డిలన్ ప్రభావం, తొలి బెంగాలీ రాక్ బ్యాండు: ఈ మూడు ముక్కలతో అతని పని తీరిపోతుంది. రికార్డు విని రాసిన మాటల్లా ఉండవివి, ఫొటో చూసి రాసినట్టుంటాయి. ఈ బృందం తొలి దశను నడిపింది బెంగాల్ సంచార గాయకుల బావుల్ బాణీ అనీ, పాశ్చాత్య వాద్యాలు దానికి ఊడిగం చేశాయనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

డిలన్ వాదులు ముందుగా చూపే పాట 'హాయ్ భాలోబాషి'. 1977లో వెలువడిన తొలి రికార్డు 'సంబిగ్న పాఖికూల్ ఓ కోల్‌కాతా బిషయక్'లోది. అందులో డిలన్ పేరుంది, బీటిల్స్ పేరూ ఉంది. విమర్శకుడు వాటి కింద గీత గీసుకుని తక్కిన పాట వదిలేశాడు. అదే పాటలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ ఉన్నారు. పికాసో, బెథోవెన్ ఉన్నారు. వెన్నెల్లో రెల్లుపొదల మధ్య పరుగులున్నాయి. పేర్లు ఏకరువు పెట్టడమే ప్రభావానికి రుజువైతే, ఈ బృందాన్ని రవిశంకర్ వాళ్ళ మైహర్ ఘరానాలో ఎందుకు చేర్చలేదో ఆయనే చెప్పాలి! అసలు సంగతి వేరే ఉంది. ఇన్ని ఇష్టాలున్నా మనసు కుదుటపడదంటుంది ఆ పాట. ఉన్నవేవీ చాలక, తనలోనే ఉన్న 'మనసులోని మనిషి' కోసం ఊరూరా తిరిగే బావుల్ వెలితి అది. తొలినాళ్ళలో తమ సంగీతాన్ని వీళ్ళే 'బావుల్ జాజ్' అనుకున్నారు. ఆ జాజ్ కోసం శాక్సఫోన్ ఉంది, కాదనను; కానీ ఆ పేరులో ముందున్నది బావులే.

బృందసారథి గౌతమ్ చట్టోపాధ్యాయ్ నక్సల్బరీ ఉద్యమంలో తిరిగి, జైలుకెళ్ళి, కొన్నాళ్ళు కలకత్తాకు దూరంగా బతికినవాడు. 1975లో తమ్ముళ్ళనూ బంధుమిత్రులనూ కూడగట్టి ఏడుగురి బృందం కట్టాడు. జీవనానంద దాస్ కవిత 'ఘోడా' నుంచి 'మొహీన్ గుర్రాలు' అనే ఈ పేరు తీసుకునే ముందు కొంతకాలం 'గౌతమ్ చట్టోపాధ్యాయ్ బీఎస్సీ ఓ సంప్రదాయ్' అని కూడా చెప్పుకున్నారు. హరికథ భాగవతార్ పేరు పక్కన డిగ్రీ తగిలించినట్టుండే ఆ వెటకారం రాక్ వేదికది కాదు, జాతర పందిరిది.

ఉద్యమం ఆయన చెవిని ఎటు తిప్పిందో తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఊళ్ళమీద పడ్డాడు. తర్వాత జననాట్యమండలి పల్లె బాణీలను ఎత్తుకుంది. మనవాళ్ళు పాటతో పల్లెకు వెళ్ళారు, గౌతమ్ పల్లె పాటను కలకత్తా మేడల మధ్యకు తెచ్చాడు. దారులు ఎదురెదురుగా కనబడినా బయల్దేరిన చోటు ఒకటే. బృందం చెదిరిపోయాక ఆయన తీసిన 'నాగమతి' సినిమా పాములాడించే బేదే జనం కథ కావడం దీనికి మరో సాక్ష్యం.

కనుక ఈ బృందం వంశవృక్షం తిరగరాయాలి. దాని వేళ్ళు వుడ్‌స్టాక్‌లో లేవు, నక్సల్బరీలో ఉన్నాయి. డెబ్భైల్లో వీళ్ళ రికార్డులకు పెద్దగా ఆదరణ దక్కలేదు, 1981 నాటికి బృందమూ విడిపోయింది. 1995లో గౌతమ్ 'ఆబార్ బొఛొర్ కురి పొరే' సంకలనం తెచ్చేసరికి, కొత్త తరం గాయకులు ఆ గుర్రాల పేరు చెప్పుకుంటూనే మైకు ముందుకొచ్చారు. వాళ్ళు ఆ సంకలనంలోకి వచ్చింది ఆ పేరు మీదే, డిలన్ పేరు మీద కాదు.