బుల్లితెర నివాళి: జాజ్ నుంచి మన మాండలిన్ దాకా

కళాకారుణ్ణి ఒక సమాజం ఎట్లా సన్మానిస్తుందో చూస్తే, ఆ సమాజంలో కళకున్న స్థానమేమిటో చాలావరకు తెలిసిపోతుంది. మన సాహిత్య చరిత్రకారులు కవుల కాలనిర్ణయం మీద ఖర్చుపెట్టిన సిరాలో పదోవంతు కూడా సన్మానాల చరిత్ర మీద ఖర్చుపెట్టలేదు. శ్రీనాథుడి కనకాభిషేకం, పెద్దన గండపెండేరం పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్నలుగా మిగిలిపోయాయి. ఆ కథల్లో సత్యమెంతో, కల్పన ఎంతో పండితులు తేల్చుకోనీండి. ఒక్క విషయం మాత్రం గమనార్హం. రెండు కథల్లోనూ కవి సభలో తన విద్య చూపిన తరువాతనే సన్మానం జరిగింది. శ్రీనాథుడు డిండిమభట్టును వాదంలో గెలిచాడు. పెద్దన సభ మధ్య ఆశువుగా ఉత్పలమాలిక చెప్పాడు. పెండేరం తొడిగినవాడు ఫ్యూడల్ ప్రభువే అయినా, చెవులారా విన్నాకనే తొడిగాడు.

ఇవాళ ఆ రాజసభ స్థానాన్ని టెలివిజను ఆక్రమించింది. రాష్ట్రపతి భవనంలో జరిగే పద్మ పురస్కార ప్రదానాన్ని దూరదర్శన్‌లో చూసేవారికి ఈ వరస తెలిసిందే. పేరు చదువుతారు. కళాకారుడు ఎర్ర తివాచీ మీద నడిచి వస్తాడు. పతకం, ప్రశంసాపత్రం, నమస్కారం, ఫోటో. కొద్ది సెకన్లలో మరో పేరు. గాయకుడు పాడడు, వాద్యకారుడు వాయించడు. జీవితమంతా ధ్వనితో బతికిన మనిషిని మౌనంగా నడిపించి గౌరవించటం ఈ కాలపు విచిత్రం. మన ఉమ్మడి కృష్ణాజిల్లా గంపలగూడెం దగ్గరి గోసవీడులో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ హసన్ సాహెబ్‌కు ఆ నడక కూడా దక్కలేదు. భద్రాచలం రాముడి సన్నిధిలో దశాబ్దాల పాటు సన్నాయి ఊదిన ఆ ముస్లిం కళాకారుడు 2021లో కన్నుమూశాడు. పద్మశ్రీ 2022లో ప్రకటించారు. అదే జాబితాలో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య ఉన్నాడు. సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించాక దేశం ఆయన్ని చూసింది. పురస్కారం వచ్చింది, తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన కట్టడం పనికి కూలికి పోతున్న దృశ్యాన్ని కూడా అవే తెరలు చూపించాయి. సన్మానం ఎంత వార్తో కూలి కూడా అంతే వార్త అయింది. ఆ మధ్య కాలంలో కిన్నెర ఎంతసేపు వినిపించారన్న లెక్క ఎవరికీ పట్టలేదు.

ఈ ధోరణి మన ఒక్కరిదే కాదు. పుట్టుకతోనే శ్రమజీవుల సంగీతమైన జాజ్‌ను అమెరికా టెలివిజను ఎట్లా గౌరవిస్తున్నదో చూస్తే మన అద్దంలో ముఖం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

జాజ్ అంటే మనలో చాలామందికి పాత సినిమాల్లో క్లబ్బు డాన్సు వెనక వినిపించే బాకా చప్పుడు. అసలు సంగతి వేరు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారి వారసులు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్ నగరంలో దీన్ని తీర్చిదిద్దారు. కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ వంటివి పటాలాల బ్యాండు వాద్యాలు. వాటినే వాళ్లు చావు ఊరేగింపుల్లో, నాట్యశాలల్లో తమ గొంతులుగా మార్చుకున్నారు. మన పల్లెల్లో పెళ్లికీ చావుకీ వచ్చే బ్యాండుమేళం కూడా తెల్లవాడి పటాలం నుంచి వచ్చిందే కదా! జాజ్‌కు ప్రాణం మనం మనోధర్మం అనే గుణమే. కట్టిన వరస ఒకటి ఉంటుంది. దానిలోంచి బయలుదేరి వాద్యకారుడు అప్పటికప్పుడు ఏమి అల్లుతాడన్నదే అసలు విద్య. అందుచేత జాజ్‌కు సమయం కావాలి, తోడి వాద్యకారుల చెవి కావాలి. తోడి రాగాన్ని అర నిమిషంలో ఆలాపన చేసి చూపించమంటే మన విద్వాంసుడు ఏమంటాడో ఊహించుకోండి.

గ్రామీ బహుమతులు 1959లో మొదలైనప్పుడు ఎలా ఫిట్జెరాల్డ్, కౌంట్ బేసీ అనే జాజ్ ఉద్దండులు మొదటి సభలోనే గెలిచారు. 1971 నుంచి ఆ సభ టెలివిజనులో ప్రత్యక్ష ప్రసారమవుతున్నది. ప్రసారం పెరిగినకొద్దీ ప్రకటనదారులు పెరిగారు, జనాదరణ లెక్కలు పెరిగాయి, జాజ్ మాత్రం క్రమంగా మధ్యాహ్నపు సభకు జరిగిపోయింది. 2024లో తొంభై నాలుగు విభాగాలుంటే రాత్రి ప్రసారంలో కనిపించినవి పదీ పన్నెండుకు మించవు. తక్కినవన్నీ దీపాలు పూర్తిగా వెలగకముందే పంచేస్తారు. 1965లో గెట్జ్, జిల్బెర్టోల ఆల్బం సంవత్సరపు ఉత్తమ ఆల్బం అయిన తరువాత, మరో జాజ్ ఆల్బం ఆ గౌరవం పొందటానికి 2008 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు గెలిచిన హెర్బీ హాన్‌కాక్ ఆల్బం కూడా జోనీ మిచెల్ అనే ప్రసిద్ధ గాయని పాటల చుట్టూ అల్లినదే.

జాజ్ విద్వాంసులు పెద్ద తెర మీద కనిపించేది ఎక్కువగా చనిపోయాకనే. డేవ్ బ్రూబెక్ 2012 డిసెంబరులో మరణించాడు. 2013 గ్రామీ సభలో చిక్ కొరియా, కెన్నీ గారెట్, స్టాన్లీ క్లార్క్ వంటి మహామహులు కలిసి ‘టేక్ ఫైవ్’ వాయించి నివాళి అర్పించారు. చాలా కొద్దిసేపే. అయిదేసి మాత్రల నడక మీద నడిచే ఆ కృతి, దాదాపు ఖండగతిలా, చెవికి పట్టేలోపే ఆగిపోయింది. దాన్ని రచించినవాడు బ్రూబెక్ కాదు, అతని బృందంలోని శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ డెస్మండ్. అతను పోతూ ఆ పాట మీద వచ్చే రాబడిని రెడ్‌క్రాస్‌కు రాసిపోయాడు.

నివాళిలో సమయం తగ్గితే మొదట కత్తిరింపుకు గురయ్యేది చరిత్ర. బ్రూబెక్ 1958లో అమెరికా ప్రభుత్వం పంపగా మన దేశానికి కూడా వచ్చాడు. ప్రచ్ఛన్న యుద్ధపు రోజులవి. స్వేచ్ఛాదేశానికి ప్రతినిధిగా జాజ్‌ను ఊరూరా తిప్పుతున్నారు. అదే స్వేచ్ఛాదేశంలో 1960లో దక్షిణాది కళాశాలలు బ్రూబెక్ బృందంలోని నల్లజాతి బాస్ వాద్యకారుడు యూజీన్ రైట్‌ను వేదిక ఎక్కనివ్వమన్నాయి. అతని బదులు తెల్లవాణ్ణి తెచ్చుకోమన్నాయి. బ్రూబెక్ ఒప్పుకోలేదు, ఆ యాత్రలో అత్యధిక భాగం కచేరీలు రద్దయిపోయాయి, డబ్బు పోయింది. బ్రూబెక్ జీవితంలో తలచుకోదగిన ఘట్టం ఏదైనా ఉంటే అది ఇది. ఒక చక్కని బాణీ చిన్న ముక్కలో ఇది ఇమడదు. బాణీ అమ్ముడుపోతుంది, ఈ సంగతి అమ్ముడుపోదు.

టెలివిజను లేనిచోట కూడా ఆలస్యపు గౌరవాలున్నాయి, న్యాయంగా అదీ చెప్పాలి. 1965లో న్యాయనిర్ణేతలు డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక పులిట్జర్ ఇవ్వమంటే పై సంఘం తోసిపుచ్చింది. 1974లో ఆయన పోయాడు. 1999లో, శతజయంతి సంవత్సరంలో, ఇచ్చారు.

ఇక మన ఇంటి సంగతి. జాజ్ లోకం తనవాడిగా చేర్చుకున్న తెలుగువాడు ఒకడున్నాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు అయిదారేళ్ల వయసులో చేతికి తీసుకున్నాడు. గిటారిస్టు వాసూరావు అతనికి పాశ్చాత్య సంగీతం రుచి చూపించాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆ పిల్లవాణ్ణి శిష్యుడిగా తీసుకున్నాడు. ఇక్కడే అసలు విశేషం. సుబ్బరాజుకు మాండలిన్ రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన ఆయన కృతి పాడేవాడు. పిల్లవాడు పాడినదాన్ని తీగ మీదికి తెచ్చేవాడు. చేతివేళ్లకు గురువు లేడు, గొంతే గురువు.

ఇందులోని కష్టం తెలియాలంటే వాద్యం సంగతి కొంత చెప్పుకోవాలి. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. పాశ్చాత్య బాణీలకూ, మన సినిమా పాటల్లో చిలిపి తునకలకూ అది సరిపోతుంది. కాని కర్ణాటక సంగీతంలో స్వరం నిలబడి ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. జంట తీగలను కలిపి లాగితే రెండూ ఒకే శ్రుతిలో వంగవు. ధ్వని నిలవదు గనుక గమకం మధ్యలోనే చచ్చిపోతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నాడు, విద్యుత్ మాండలిన్‌తో నాదాన్ని సాగదీశాడు. ఫిడేలు మన సంగీతంలో స్థిరపడటానికి బాలుస్వామి దీక్షితుల నాటి నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడి దాకా తరాలు పట్టింది. మాండలిన్ విషయంలో ఆ దూరమంతా ఒక బాలుడి వేళ్లు ఒక్క బాల్యంలో నడిచాయి.

అతని తొలి కర్ణాటక కచేరీ 1978లో మన గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. 1981లో మద్రాసు డిసెంబరు కచేరీలు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, అప్పటికి పద్నాలుగేళ్లు. పరాయి వాద్యమని మన ఛాందసులు ముఖం చిట్లిస్తున్న కాలంలో జాజ్ శ్రోతలు ఆ పిల్లవాడి మనోధర్మాన్ని తేలిగ్గా పట్టుకున్నారు. మైల్స్ డేవిస్‌తో పనిచేసిన ఆంగ్ల గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ తన శక్తి బృందాన్ని 1990లలో పునరుద్ధరించినప్పుడు శ్రీనివాస్‌ను చేర్చుకున్నాడు. 2008లో మైల్స్ డేవిస్ స్మృతికి వచ్చిన ‘మైల్స్ ఫ్రమ్ ఇండియా’ ఆల్బంలో కూడా మన మాండలిన్ ఉంది. ఆ ఆల్బం గ్రామీ జాజ్ విభాగంలో పోటీకి నిలిచింది. ఇంట 1998లో పద్మశ్రీ వచ్చింది. సంగీత కళానిధి బిరుదు రానేలేదు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, చెన్నైలో మరణించాడు.

2023లో శక్తి బృందం ‘దిస్ మొమెంట్’ ఆల్బం తెచ్చింది. అందులో మొదటి కృతి పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. పోయిన మిత్రుడికి తోటి వాద్యకారులు కట్టిన నివాళి అది. 2024 ఫిబ్రవరిలో ఆ ఆల్బం గ్రామీ గెలిచింది. ఆ బహుమతి కూడా రాత్రి ప్రసారంలో కాక మధ్యాహ్నపు సభలోనే అందింది. సరిగ్గా అంతకు ముందటి ఏడాది మార్చిలో ‘నాటు నాటు’ ఆస్కార్ వేదిక మీద పాటగా, ఆటగా ప్రపంచమంతటికీ కనిపించింది. కొవ్వూరులో పుట్టిన కీరవాణి ఆ సత్కారం పొందినందుకు సంతోషించని తెలుగువాడు లేడు, నేనూ సంతోషించాను. కాని మా బడిలో పిల్లల్ని అడిగితే ఆ పాట చరణాలు వచ్చినవారు తరగతంతా ఉన్నారు, పాలకొల్లు శ్రీనివాస్ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు. తప్పు పిల్లలది కాదు. తెర చూపించినదాన్నే వాళ్లు చూశారు.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. ‘శ్రీనీస్ డ్రీమ్’ మాత్రం సరుకు కాదా, అదీ మార్కెట్టులో అమ్మినదే కదా అని మిత్రులు అనవచ్చు. నిజమే. ఫ్యూజన్ పేరుతో వచ్చేదంతా గొప్పదని నేను అనను. వేడుకగా తబలాను, గిటారును పక్కపక్కన కూర్చోబెట్టి సమైక్యత అనే బాపతు చాలా ఉంది. ప్రపంచ ఖ్యాతి ఉన్న గిటారిస్టు తలచుకున్నాడు గనుక శ్రీనివాస్ పేరు వినిపించింది. రుద్రరాజు సుబ్బరాజు పేరుతో కృతి కట్టేవాడు ఎవడున్నాడు? ఇన్ని ఒప్పుకున్నా తేడా ఒకటి మిగిలే ఉంటుంది. తెర మీది నివాళిలో పోయినవాడు ఫోటో. ఈ కృతిలో అతని నడక, అతని పలుకు, అతను వదిలివెళ్లిన ఖాళీ వినిపిస్తాయి. తోడివాడు మాత్రమే చేయగలిగిన పని అది. జాజ్‌లో ఈ సంప్రదాయం పాతది: మిత్రుడు పోతే అతని పేర ఒక బాణీ కడతారు, తరువాతి తరం దాన్ని సాధన చేస్తుంది. మన గురుపరంపరలోనూ గురువు పోకడను శిష్యుడి వేళ్లే గుర్తుచేస్తాయి.

రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఇందులో పని ఉంది. సినిమా తారల జీవితచరిత్రలు మన దుకాణాల్లో గుట్టలుగా ఉన్నాయి. డెల్టాలో సన్నాయి, క్లారినెట్, మాండలిన్, బ్యాండుమేళం వాయించి బతికినవారి చరిత్ర రాసినవారు బహు తక్కువ. వాళ్లకు కచేరీకి ఎంత ముట్టింది, వాద్యం ఎక్కడ కొన్నారు, ఏ కులం వారికి ఏ గుడి మెట్టు దాకా ప్రవేశం ఉండేది, ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో వచ్చాక వాళ్ల బతుకులో ఏం మారింది — ఇవన్నీ అడిగి రాసుకోవలసిన విషయాలు. గన్నవరం నుంచి గుడివాడకు బస్సెక్కితే గంట ప్రయాణం. 1978 ఆరాధనోత్సవంలో తొమ్మిదేళ్ల పిల్లవాడి మాండలిన్ విన్న శ్రోతలకు అప్పుడు ఇరవై ఏళ్లయితే ఇప్పుడు డెబ్భై దగ్గర పడింది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి, నోటు పుస్తకం తీసుకుని.