బాణం తిన్నగా పోవాలంటే



హైటెక్ సిటీకి దగ్గర్లో ఒక గిరిజన బాలికల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్‌కు ఇప్పుడు మన పిల్లలూ ఉద్యోగాలకు వస్తున్నారు. మన సభల్లో విల్లు పట్టుకుని ఫొటో దిగి, ‘గురి మన రక్తంలోనే ఉంది’ అని రాసుకుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ విల్లు చరిత్ర ఇంకోలా చెబుతుంది.

భద్రాచలం ఏజెన్సీలో మా తాత బాణపు పుల్లను నిప్పు సెగకు చూపి, ఒక కన్ను మూసి పొడవునా చూస్తూ వంపు తీసేవాడు. ఈకలు కట్టాక వేసి చూసేవాడు. బాణం తోక ఊపుతూ పోతే ఆ పుల్ల పక్కకే. ఒక విల్లుకు కుదిరిన పుల్ల ఇంకో విల్లుకు కుదరదనేవాడు. ఎందుకో నేను అడగలేదు.

జవాబు పెద్దయ్యాక పుస్తకాల్లో దొరికింది. అల్లెతాడు తోసినప్పుడు బాణం వంగుతుంది, చేపలా మెలికలు తిరుగుతూ విల్లును దాటిపోతుంది. 1930ల్లో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో ఈ కదలికను చూపించాడు. పుల్ల మరీ బిరుసైనా, మరీ మెత్తనైనా దారి తప్పుతుంది. తాత మాట నిజమే.

1966లో మిసోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ విల్లు చివర్లకు గిలకలు, కేబుళ్లు బిగించి పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. 1969లో అది మంజూరైంది. అదే కాంపౌండ్ విల్లు. నేటి విల్లుల్లో పూర్తిగా లాగాక చేతిమీద పడే బరువు మూడో వంతు, ఇంకా తక్కువ కూడా. 1995లో ఇది ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి, 2014లో ఆసియా క్రీడల్లోకి వచ్చింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023లో, విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ తొలిసారి ఉంటుంది.

అక్కడ 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే. అందుకే ముందు విల్లును సవరిస్తారు. ఒక చట్రానికి కాగితం బిగించి, రెండు మీటర్ల దూరం నుంచి బాణం వేస్తారు. మొన దూరిన రంధ్రం చుట్టూ ఈకల చీలికలు సమంగా ఉంటే బాణం తిన్నగా పోతున్నట్టు. తోక పైకి చీల్చితే, తాడు మీద బాణం పెట్టే చోటు ఎక్కువ ఎత్తులో ఉండి ఉండవచ్చు. దాన్ని మిల్లీమీటరున్నర దించి మళ్లీ వేస్తారు. అయినా కుదరకపోతే పుల్ల బిరుసు, రెండు కామ్‌లు ఒకేసారి తిరుగుతున్నాయో లేదో చూస్తారు. ఒక్కసారికి ఒక్క మార్పే. కోడ్‌లో తప్పు వెతికే మీకు ఈ నియమం తెలిసిందే: నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కేబుళ్ల జోలికి మాత్రం కోచ్ లేకుండా వెళ్లకూడదు. బాణం లేకుండా తాడు వదలకూడదు.

రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టాడు. 1987లో స్పెషల్ ఏరియా గేమ్స్ పథకం కింద ఎంపికయ్యాడు. మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో నిలబడ్డాడు. ఆయన రక్తం ఆ ఒక్క ఏడాదిలో మారలేదు. మంచి విల్లు, శిక్షణ దొరికాయి.

మా పిల్లలకు ఆ రెండూ లేవు. పోటీకి పనికొచ్చే కాంపౌండ్ విల్లు, బాణాలు, సామగ్రి కలిపితే లక్ష దాటుతుంది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు పదిమంది కలిస్తే ఒక విల్లు వస్తుంది. ఫొటో బదులు అది చేయండి.

ఇంకో పని. సెలవులకు ఊరెళ్లినప్పుడు, బాణం చేసే పెద్దలు ఇంకా ఉంటే పక్కన కూర్చోండి. వెదురు ఏ నెలలో నరుకుతారు? సెగకు ఎంతసేపు చూపుతారు? పుల్ల విల్లుకు కుదిరిందని ఎలా తెలుస్తుంది? అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. మా తాత పోయి చాలా ఏళ్లైంది. నేను అడగాల్సినవి నా దగ్గరే ఉండిపోయాయి.