పెనుకొండ సీమలో పాలనాశాస్త్ర విద్య

ప్రభుత్వపాలన విశ్వవిద్యాలయాలలో అధ్యయనవిషయం కావడానికి చాలాకాలం ముందే, హిందూపురానికీ పెనుకొండకూ నడుమనున్న సోమందేపల్లి ప్రాంతం అనేక పాలనావ్యవస్థల ఉత్థానపతనాలను చూసింది. 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు తరలివచ్చి, కొన్ని దశాబ్దాలకే చంద్రగిరికి సాగిపోయినా, గ్రామస్థాయిలో లెక్కలనూ కావలినీ చెరువునీటి పంపకాన్నీ నిర్వహించిన కరణం, తలారి, నీరుగంటి వంటి ఆయగార్ల వ్యవస్థ రాజవంశాలకన్న దీర్ఘాయువుతో నిలిచింది.

1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించగా, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ సీమను పాలించాడు. మధ్యవర్తులను తొలగించి, పొలాలను కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం కుదుర్చుకున్న ఆయన పద్ధతి క్షేత్రజ్ఞానానికి పెద్దపీట వేసింది. అయితే ఆ శిస్తు భారమైనదనీ, నాలుగోవంతు తగ్గించాలనీ ఆయనే చేసిన సిఫారసు అప్పట్లో అమలుకు నోచుకోలేదు. పొలంగట్టున సంపాదించిన జ్ఞానానికి, దూరాన ఉన్న నిర్ణయాధికారానికి మధ్య ఏర్పడిన ఈ అగాధమే పాలనాశాస్త్రంలో నేటికీ మూలసమస్య.

1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసంతో అమెరికాలో స్వతంత్ర అధ్యయనంగా రూపుకట్టనారంభించిన ఈ శాస్త్రం, స్వాతంత్ర్యానంతరం పాలనా నిపుణుడు పాల్ ఆపిల్‌బీ నివేదిక ఫలితంగా 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వపాలనా సంస్థ వెలయడంతో మనదేశంలో స్థిరపడింది. ఉస్మానియాలో ఈ శాస్త్రాన్ని బోధించిన ఆచార్య జి. రామ్‌రెడ్డి ప్రథమ ఉపకులపతిగా, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆరంభమై, కళాశాలకు వెళ్ళలేని ఉద్యోగులకూ గృహిణులకూ ఉన్నతవిద్యను తెలుగులో చేరువచేసింది. అంతకు ముందు సంవత్సరమే అనంతపురంలోని స్నాతకోత్తర కేంద్రం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా రూపొందడంతో, ఈ సీమ విద్యార్థికి సొంత జిల్లాలోనే విశ్వవిద్యాలయం ఏర్పడింది.

1987లో సివిల్ సర్వీసుల పరీక్షలో ఐచ్ఛికాంశమైన తరువాత ఈ విద్యకు ఆదరణ పెరిగింది. గ్రామీణ యువతకు అది ఆశనిచ్చిందన్నది ఎంత నిజమో, పరీక్షకు పనికివచ్చినంత మేరకే చదివే అలవాటును పెంచిందన్నదీ అంతే నిజం. 2024 జనవరిలో సమీపాన గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్షపన్నుల అధికారుల జాతీయ శిక్షణాలయం ప్రారంభమైంది. నియమితులైన అధికారులకు వృత్తినైపుణ్యం నేర్పడం దాని ధర్మం. నియమాలు పౌరులకు ఎట్లా వర్తిస్తున్నాయో విమర్శదృష్టితో పరిశీలించడం ఎం.ఏ. విద్యార్థి ధర్మం. 1985లో తాలూకాల స్థానే వచ్చిన మండలవ్యవస్థ పాలనను ప్రజల ముంగిటికి ఎంతవరకు తెచ్చిందో, పట్టాదారు పాసుపుస్తకం కోసం వచ్చిన రైతు ఎన్నిమార్లు తిరగవలసివస్తున్నదో సోమందేపల్లి మండల కార్యాలయంలోనే అధ్యయనం చేయవచ్చు. పాలనా సిద్ధాంతకర్తలైన విల్సన్‌నూ వేబర్‌నూ చదివిన విద్యార్థి ఆ ప్రశ్నలను కూడా తన సిద్ధాంతవ్యాసానికి తగిన విషయంగా గుర్తించిననాడే, మన సీమలో ఈ శాస్త్రం వేరూనినట్లు.