ఒక బంటు ఖరీదు: ఎవన్స్ గాంబిట్ కథ



పిల్లలకి చదరంగం నేర్పేటప్పుడు మనం మొట్టమొదట చెప్పేమాట "పావులు పోగొట్టుకోకు" అని. బంటుకి ఒక పాయింటు, గుర్రానికి మూడు, శకటుకి మూడు, ఏనుగుకి అయిదు, మంత్రికి తొమ్మిది అని లెక్క కూడా నేర్పుతాం. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ కేవలం ఆ లెక్కనే నమ్ముకున్నవాళ్ళని దాదాపు రెండువందల ఏళ్ళుగా తిప్పలు పెడుతున్న ఎత్తు ఒకటుంది. దాన్ని కనిపెట్టినవాడు పేరుమోసిన ఆటగాడు కాదు, ఓడ నడిపే కెప్టెన్. ఈరోజు ఆ ఎత్తు చరిత్ర చెప్పుకుందాం. బోర్డు దగ్గర్లో ఉంటే పావులు పేర్చుకోండి. లేకపోయినా ఫరవాలేదు, అర్థమయ్యేలా చెబుతాను.

ముందు గాంబిట్ అంటే ఏమిటో చూద్దాం. కుస్తీలో కాలు అడ్డుపెట్టి పడగొట్టడాన్ని ఇటాలియన్ భాషలో గాంబెట్టో అంటారు. స్పెయిన్ దేశపు మతాచార్యుడు రూయ్ లోపెజ్ 1561లో అచ్చువేసిన చదరంగం పుస్తకంలో ఈ మాటని ఆటలోకి తెచ్చాడు. మన భాషలో చెప్పాలంటే ఎర వెయ్యడం. ఆట మొదట్లోనే ఒక బంటుని వదులుకుని, దానికి బదులుగా ఇంకేదో సంపాదించుకోవడం.

ఇక మన కెప్టెన్ సంగతి. విలియం డేవిస్ ఎవన్స్ 1790లో వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో పుట్టాడు. వేల్స్ తీరంలోని మిల్‌ఫర్డ్ హేవెన్ నుంచి ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్‌కి తపాలా ఓడ నడిపేవాడు. సుమారు 1824లో ఆయనకి ఈ ఆలోచన వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకి లండన్‌లో, అప్పటి మేటి ఆటగాళ్ళలో ఒకడైన అలెగ్జాండర్ మెక్‌డొనెల్ మీద ప్రయోగించి 20 ఎత్తుల్లో గెలిచాడు. 1832లో విలియం లూయిస్ పుస్తకంలో ఇది అచ్చయింది. అక్కణ్ణుంచి కెప్టెన్ పేరు చదరంగంలో స్థిరపడిపోయింది.

ఆట ఇలా మొదలవుతుంది. ఇద్దరూ రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు నడుపుతారు. ఇద్దరూ ఒక్కొక్క గుర్రాన్ని, ఒక్కొక్క శకటుని బయటికి తీస్తారు. ఇంతవరకూ అందరికీ తెలిసిన ఇటాలియన్ ఆటే. నాలుగో ఎత్తులో తెల్లవాడు మంత్రి వైపు గుర్రం ముందున్న బంటుని రెండు గళ్ళు తోసి, తీసుకెళ్ళి సరిగ్గా నల్లశకటు నోటి ముందు పెడతాడు. శకటు దాన్ని కొట్టేస్తుంది. చూసేవాళ్ళకి ఇదేం పిచ్చి అనిపిస్తుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. తెల్లవాడు పక్కనున్న బంటుని ఒక గడి జరిపి ఆ శకటుని బెదిరిస్తాడు. శకటు మళ్ళీ కదలక తప్పదు. ఇంకో బంటుని బోర్డు నడిమధ్యకి నడపాలంటే తెల్లవాడు ఎలాగూ ఆ ఒక్క గడి జరపాల్సిందే. ఇప్పుడు ఎదుటివాడి సమయం ఖర్చుచేయించి మరీ జరిపాడన్నమాట. పైగా బంటు పోయినచోట దారి తెరుచుకుంది. తెల్లవాడి రెండో శకటు బోర్డు అంచున కూర్చుని, నల్లరాజు కోట కట్టుకోకుండా అడ్డుకోగలదు. ఒక బంటు ఇచ్చి కాలాన్ని, నడిబొడ్డుని, దారిని కొనుక్కోవడమే ఈ గాంబిట్.

1834లో మెక్‌డొనెల్‌కీ, ఫ్రాన్స్ ఆటగాడు లా బూర్దొనేకీ మధ్య లండన్‌లో 85 ఆటలు జరిగాయి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఈ గాంబిట్‌ని వాడారు. 1852లో బెర్లిన్‌లో అడాల్ఫ్ అండర్సన్, జాన్ దుఫ్రేన్‌తో ఆడిన ఆటకి "ఎవర్‌గ్రీన్" అనే పేరు శాశ్వతంగా నిలిచిపోయింది. అండర్సన్ లెక్కల మాస్టారు. 11వ ఎత్తులో తన శకటుని ఇందాక చెప్పిన అంచు గడిలో పెట్టాడు. ఆ తర్వాత 12 ఎత్తులపాటు అది కదల్లేదు. ఈలోగా ఆయన గుర్రాన్ని, ఏనుగుని, చివరికి మంత్రినే బలిచ్చాడు. 24వ ఎత్తులో ఆ శకటే వచ్చి షా చెప్పి ఆట కట్టించింది. కోట కట్టుకోలేని నల్లరాజు నడిమధ్యలోనే చిక్కుకుపోయాడు.

ఇలాంటి ఆటలు చూసినవాళ్ళు ఎవన్స్ గాంబిట్‌కి ఎదురులేదనుకున్నారు. ఒప్పుకోనివాడు విల్‌హెల్మ్ స్టీనిట్జ్. మొదటి ప్రపంచ చాంపియన్, అప్పటికి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. ఆయన సిద్ధాంతం సూటిగా ఉంటుంది. బంటు దొరికితే పుచ్చుకో, ఎన్ని ఇబ్బందులు పడైనా నిలబెట్టుకో. 1889లో హవానాలో రష్యా ఆటగాడు చిగోరిన్‌తో ప్రపంచ పోటీ ఆడి 10.5–6.5 తేడాతో గెలిచాడు. కానీ చిగోరిన్ పట్టువదలకుండా వేసిన ఎవన్స్ గాంబిట్‌తో చాలా అవస్థ పడ్డాడు. వాదం తేల్చుకోవడానికి 1890 అక్టోబరు నుంచి 1891 ఏప్రిల్ వరకు న్యూయార్క్‌కీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కీ మధ్య టెలిగ్రాఫ్ తంతి మీద రెండు ఆటలు జరిగాయి. అందులో ఒకటి ఎవన్స్ గాంబిట్. స్టీనిట్జ్ బంటుని కాపాడుకున్నాడు. కానీ ఆయన గుర్రం ఒకటి బోర్డు అంచుకి చేరింది, ఇంకొకటి మొదటి వరసకి తిరిగొచ్చింది, మంత్రి తన బంటుకే అడ్డంగా నిలబడింది. రెండు ఆటలూ చిగోరిన్‌వే.

సరైన జవాబు తర్వాతి చాంపియన్ లాస్కర్ దగ్గర దొరికింది. 1890లలో ఆయన చేసింది చాలా చిన్న పని. బంటుని పుచ్చుకున్నాడు. శకటుని భద్రమైన గడికి తీసుకొచ్చాడు. ఆపైన, "కావాలంటే నీ బంటు నువ్వు తీసుకో" అన్నట్టు కూర్చున్నాడు. తెల్లవాడు తీసుకుంటే మంత్రులు మారిపోతాయి, దాడి చల్లారిపోతుంది, తెల్లవాడి బంట్లు చెల్లాచెదురుగా మిగులుతాయి. తీసుకోకపోతే నల్లవాడికి బంటు లాభం. ఈ ఒక్క ఉపాయంతో గాంబిట్ వైభవం తగ్గిపోయింది. అంతా కొట్టేసిన దురాశ దాన్ని ఓడించలేదు, పట్టుకు వేలాడిన మొండితనమూ ఓడించలేదు. వేళ చూసి తిరిగిచ్చేసిన తెలివి ఓడించింది.

అయినా అది చచ్చిపోలేదు. 1963లో బాబీ ఫిషర్, రూబెన్ ఫైన్ మీద ఈ గాంబిట్‌తో 17 ఎత్తుల్లో గెలిచాడు. 1995లో రీగా నగరంలో, మిఖాయిల్ తాల్ స్మారక పోటీలో, కాస్పరోవ్ దీన్ని మన విశ్వనాథన్ ఆనంద్ మీద వేశాడు. అదే ఏడాది వాళ్ళిద్దరూ న్యూయార్క్‌లో ప్రపంచ కిరీటం కోసం తలపడ్డారు. రీగాలో ఆనంద్ శకటుని వెనక్కి తీసుకుని, గుర్రంతో ఎదురుదాడి చెయ్యబోయాడు. కాస్పరోవ్ తొందరపడకుండా తన శకటుని ఒద్దికగా వెనక్కి జరిపి, 25 ఎత్తుల్లో ఆట ముగించాడు. ఆనంద్ అంతటివాణ్ణి, నూటడెబ్భై ఏళ్ళనాటి ఓడ కెప్టెన్ ఆలోచనతో ఓడించాడన్నమాట.

నేను శనివారాల్లో కొందరు మన పిల్లలకి ఈ ఆట నేర్పుతుంటాను. వాళ్ళలో చాలామంది బంటు పోతే ముఖం మాడ్చుకుంటారు. ఎందుకంటే ఇంటికెళ్ళగానే మనం అడిగేది "ఎన్ని పాయింట్లు వచ్చాయి?" అని. స్కూల్లోనూ అంతే, చదరంగంలోనూ అంతే. తీసుకోవడం ఎలాగో మనం బాగానే నేర్పుతున్నాం. ఎప్పుడు ఇవ్వాలో, ఇచ్చినందుకు ఏం వస్తుందో, తీసుకున్నది ఎప్పుడు తిరిగిచ్చెయ్యాలో నేర్పడం లేదు. ఎవన్స్ గాంబిట్ ఆ మూడూ నేర్పుతుంది. అది కచ్చితంగా గెలిపిస్తుందా అంటే, గెలిపించదు. సరిగ్గా ఆడితే రెండువైపులా సమానమే. కానీ ఆడినవాడికి లెక్క మారిపోతుంది.

కెప్టెన్ ఎవన్స్ 1872లో బెల్జియంలోని ఓస్టెండ్‌లో కన్నుమూశాడు. చివరిరోజుల్లో చేతిలో డబ్బులేక ఇబ్బంది పడితే, చదరంగం ఆడేవాళ్ళు చందాలు పోగుచేసి పంపారు. ఎన్నో ఏళ్ళ క్రితం ఆయన ఇచ్చిన బంటు అలా కొంత తిరిగొచ్చింది.

వీలైతే ఈ వారం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో రెండు ఆటలు ఆడండి. ఒకసారి బంటు మీరివ్వండి, ఒకసారి వాళ్ళని ఇవ్వమనండి. సెలవు.