బాద్షా రాసుకున్న చీతా పిల్లలు

తవారీఖ్ అనగానే మనకు జంగులు, తఖ్తులు, ఏ సుల్తాన్ ఎప్పుడు గద్దెనెక్కాడనే తారీఖులే గుర్తొస్తాయి. అడవి ఎవరు కొట్టారు, నది ఎందుకు పొంగింది, ఏ జానవర్ ఎలా మాయమైంది అని అడిగే ఆలిముల జమాత్ ఒకటుంది. పర్యావరణ చరిత్రకారులు అంటారు వాళ్ళను. అమెరికాలో 1977లోనే సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర గాడ్గిల్, గుహ 1992లో పెద్ద కితాబ్ తెచ్చారు. 2010లో అలీగఢ్ ఇర్ఫాన్ హబీబ్ సాబ్ కూడా ఒకటి రాశారు.

నన్ను పట్టుకుని కూచోబెట్టింది మాత్రం దివ్యభానుసింహ్ 1995లో రాసిన చీతా కథ. ఆయనకు గవాహీ ఇచ్చింది ఎక్కువగా మొఘల్ ఫార్సీ రాతలే. అక్బర్ వెయ్యి చీతాలు పోగుచేశాడని కొడుకు జహంగీర్ తుజుక్‌లో రాశాడు. జింకల షికార్ కోసం వాటిని అడవిలో పట్టి మచ్చిక చేసేవారు. బంధిఖానాలో చీతా పిల్లల్ని కనడం చాలా అరుదు. అంటే పట్టిన ప్రతి చీతాతో అడవికి ఒక సంతతి తగ్గినట్టే. ఒక్కసారి మాత్రం మూడు పిల్లలు పుట్టాయి. ఆ వింతను జహంగీర్ రాసిపెట్టుకున్నాడు. ఇరవయ్యో సదీ దాకా అలాంటి మరో దాఖలా దొరకలేదు!

తర్వాత ఫిరంగీల తుపాకులు, రాజుల షికార్లు. 1952లో దేశంలో చీతా లేదని సర్కార్ ప్రకటించింది. 2022లో నమీబియా నుంచి కూనోకు తెచ్చుకున్నాం.

మొఘలుల్ని తిట్టేవాళ్ళకూ, వాళ్ళ పేరు చెప్పి మీసం తిప్పే మనవాళ్ళకూ ఈ హిసాబ్ రుచించదు. నా మటుకు నాకు, తప్పులో వాటా ఉన్నవాడే సబూత్ కూడా దాచి ఇవ్వడం పెద్ద సంగతి.

దక్కన్ సంగతీ అంతే. 1908 మూసీ తుగ్యానీలో తల్లిని, బీవీని, బిడ్డను పోగొట్టుకున్న అమ్జద్ హైదరాబాదీ ఆ ఖయామత్‌ను ఉర్దూ నజ్మ్‌గా రాశారు. దాన్ని చదవగల పిల్లలు మన ఇళ్ళల్లో ఎందరున్నారు?

దాదాల సందూకుల్లో ఉర్దూ బహీలు, జమీన్ కాగితాలు ఇంకా ఉన్నాయి. ఏ సాల్ వాన పడలేదో, ఏ బావి ఎండిందో వాటిలో ఉండొచ్చు. రద్దీవాలాకు తూచేముందు, ఉర్దూ చదివే ఏ ఖాలాకో ఒకసారి చూపించండి.