రొమ్ము శస్త్రచికిత్స - కొన్ని భయాలు, వాటి చరిత్ర

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న జీడిమెట్ల పేరు వినగానే మందుల కర్మాగారాలు జ్ఞప్తికి వస్తవి. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐ.డి.పి.ఎల్. సంస్థను స్థాపించి, సోవియట్ యూనియన్ సహాయంతో దాని పొరుగుననే బాలానగర్ వైపు కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పింది. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు కొందరు తరువాత స్వంతంగా కంపెనీలు పెట్టుకొన్నారు. ఐ.డి.పి.ఎల్.లో ఉత్పత్తి తరువాతి కాలంలో నిలిచిపోయింది గాని, అది నేర్పిన విద్య చుట్టుపక్కల పారిశ్రామిక వాడలలో నిలిచింది.

మందులు ఇంత దగ్గరలో తయారవుతున్నా, రొమ్ములో గడ్డ చేతికి తగిలిన స్త్రీ తరచు మొదట చేసే పని దానిని దాచడమే. ఎవరితోనైనా చెప్పినా ఆమె అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే. ఇది రాచపుండేనా? సూది గుచ్చితే, కత్తి తగిలితే పాకుతుందంటారు, నిజమేనా? రొమ్మంతా తీసివేస్తారా? ఆపరేషను అయిన తరువాత మళ్లీ ఆ మందులెందుకు? ఇవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. వీటి వెనుక ఉన్న భయాలకు ఒకానొక కాలంలో గట్టి ఆధారమే ఉండేది. ఏ భయానికి ఎప్పుడు కాలం చెల్లిందో తెలిపేదే రొమ్ము శస్త్రచికిత్స చరిత్ర.

కత్తి భయం అన్నిటికంటె పాతది. సుమారు 3,600 సంవత్సరాల క్రిందటి ఈజిప్టు వైద్యపత్రం ఒకటి, రొమ్ములో ఉబ్బెత్తుగా, చల్లగా ఉండే గడ్డలకు చికిత్స లేదని ఒక్క ముక్కలో తేల్చివేసింది. గ్రీకు వైద్యులు ఈ జబ్బుకు ఎండ్రకాయ పేరు పెట్టినారు. కాన్సరు అనే మాట అక్కడి నుంచే వచ్చింది. కోసిన తరువాత గడ్డ తిరిగి మొలవడం వారూ చూచినారు. రోగి వైద్యుని వద్దకు చేరేనాటికే వ్యాధి కణాలు రొమ్ము దాటి చంకలోనికి, ఎముకలలోనికి, ఊపిరితిత్తులలోనికి వెళ్లి ఉండేవి. అవి కొన్ని నెలలకు పైకి తేలేవి. చూచేవారికి మాత్రం కత్తి పడింది, తరువాత పాకింది అన్న వరుసే కనబడేది. వారు చూచినది నిజమే. చెప్పుకొన్న కారణం తప్పు.

ఆ రోజులలో కత్తి కింద పడుకొనడం ఎట్లా ఉండేదో ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫానీ బర్నీ తన సోదరికి వివరంగా వ్రాసింది. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లోని ఆమె ఇంటిలోనే, నెపోలియన్ సేనలకు వైద్యుడైన లారీ ఆమె కుడి రొమ్మును తీసివేశాడు. మత్తుమందు లేదు, కాస్త మద్యం కలిపిన పానీయం ఇచ్చినారు, అంతే. ఆమె అటుతరువాత 1840 వరకు జీవించింది. ఆమెకు వచ్చినది నిజంగా కాన్సరేనా అని ఈనాటి వైద్యులలో కొందరికి సందేహం. సూక్ష్మదర్శినితో కణాలను చూచి తేల్చే పద్ధతి అప్పటికి లేదు గనుక ఆ సందేహం తీరేది కాదు.

అంతకు 7 ఏళ్ల ముందే జపానులో ఒక వైద్యుడు నొప్పిని జయించినాడు. హనావోకా సెయిషూ ఉమ్మెత్త, వసనాభి మొదలైన మూలికలతో మత్తుకషాయం కాచి, 1804 అక్టోబరు 13న 60 ఏళ్ల స్త్రీ రొమ్ములోని కణితిని ఆమెకు నొప్పి తెలియకుండా తీసినాడు. ఈ కషాయాన్ని తన మీద పరీక్షించమని ముందుకు వచ్చిన ఆయన భార్య చూపు పోగొట్టుకొన్నదని చెబుతారు. ఆయన 150 మందికి పైగా రొమ్ము రోగులకు చికిత్స చేసినట్లు లెక్కలున్నవి. జపాను ద్వారాలు అప్పుడు మూసి ఉన్నందున ఈ వార్త బయటి లోకానికి అందలేదు. పాశ్చాత్య దేశాలు 1846లో ఈథర్, 1847లో క్లోరోఫారం వచ్చేవరకు ఆగవలసి వచ్చింది.

క్లోరోఫారం కథలో హైదరాబాదుకు పెద్ద పాత్రే ఉన్నది. ఆ మందు పీల్చినవారిలో కొందరు శస్త్రచికిత్స బల్ల మీదనే హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది గుండెయా, శ్వాసయా అనే వివాదం లోకమంతటా చెలరేగింది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాదు మెడికల్ స్కూలుకు అప్పుడు ఎడ్వర్డ్ లారీ అధిపతి. పారిస్ లారీకి ఈయనకు పేరులోనే పోలిక. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో ఆయన 1888లో ఒకటి, 1889లో ఒకటి పరిశోధక సంఘాలు నడిపినాడు. రెండవదానికి ‘లాన్సెట్’ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందలకొలది కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు జరిగినవి. శ్వాసను కనిపెట్టి ఉంటే ప్రమాదం లేదని సంఘం తేల్చింది. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండెయే ముందు ఆగవచ్చునని 1911లో లెవీ చూపినాడు. అయినా శ్వాసను గమనిస్తూ మత్తు ఇవ్వాలన్న పాఠం మిగిలింది. అదే పాఠశాలలో 1889లో చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరు.

నొప్పి పోయినా చీము పోలేదు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాన్ని శుభ్రపరచే విధానాన్ని ప్రకటించినాడు. ఆ ఏడే అదే విధానంలో తన సోదరి ఇసబెల్లాకు రొమ్ము శస్త్రచికిత్స చేసినాడు. ఆమె గాయం చీము పట్టకుండా మానింది. సుమారు మూడేళ్లు జీవించింది.

ఇక వైద్యుల చేతులకు సాహసం వచ్చింది. బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ రొమ్మును, దాని కిందనున్న ఛాతీ కండరాన్ని, చంకలోని గ్రంథులను ఒక్కముద్దగా తీసివేసే పద్ధతిని నెలకొల్పినాడు. 50 మంది రోగుల ఫలితాలు 1894లో వెలువడినవి. కోసిన చోట గడ్డ తిరిగి రావడం అంతవరకు సగం మందికి పైగా ఉండగా, ఆయన రోగులలో ముగ్గురికి మాత్రమే వచ్చింది. కాన్సరు బురదనీరు వలె పక్కపక్కకు పాకుతుంది గనుక ఎంత విస్తారంగా కోస్తే అంత క్షేమమని ఆయన తర్కం. ఈ తర్కం సుమారు 80 ఏళ్లు రాజ్యమేలింది. ఆ రోగుల గడ్డలు పెద్దవి గనుక, ఆనాటికి అది మేలే చేసింది. కాని అటుపిమ్మట చిన్న గడ్డతో వచ్చిన స్త్రీలకు కూడ అదే కోత కోసినారు. గుంటపడిన ఛాతీ, పైకెత్తలేని చేయి, వాచిన మోచేయి వారికి మిగిలినవి. “రొమ్మంతా తీసేస్తారు” అనే మాట అమ్మమ్మల నాటి నుంచి వస్తున్నదంటే ఇక్కడి నుంచే.

ఎదురు చెప్పినవారు లేకపోలేదు. ఆర్థికవేత్త కీన్స్ తమ్ముడు, లండన్ వైద్యుడు జెఫ్రీ కీన్స్ 1920ల నుంచి రేడియం సూదులతో, చిన్న కోతతో చికిత్స చేసి మంచి ఫలితాలు చూపినాడు. సాటివారు పట్టించుకోలేదు. ఒక వైద్యుని అనుభవానికి ఇంకొక వైద్యుని అనుభవం అడ్డు చెబితే వాదం తెగదు. దానిని తెంచినది లెక్క. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1971లోను, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి 1973లోను, రోగుల సమ్మతితో వారిని చీటీ వేసినట్లు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పెద్ద కోత, మరొక వర్గానికి చిన్న కోత చేసి ఏళ్ల తరబడి గమనించినారు. ఫిషర్ 1976లో ప్రారంభించిన రెండవ పరీక్షలో గడ్డను మాత్రమే తీసే పద్ధతిని పరీక్షించినాడు. ఇరువురి 20 ఏళ్ల ఫలితాలు 2002లో ప్రచురితమైనవి. రొమ్మంతా తీసినవారు, గడ్డ మేరకే తీసి కిరణ చికిత్స పొందినవారు సమానంగానే జీవించినారు. అయితే కిరణాలను మానరాదు. ఫిషర్ రోగులలో కిరణ చికిత్స పొందినవారికి అదే రొమ్ములో జబ్బు తిరిగి రావడం నూటికి 14, పొందనివారికి 39. గడ్డ మరీ పెద్దదైనా, ఒకే రొమ్ములో చాలాచోట్ల ఉన్నా పూర్తిగా తీయక తప్పదు. కొందరు స్త్రీలు స్వయంగా అదే కోరుకొంటారు.

పెద్ద కోత ఎందుకు గెలవలేదు? కొందరిలో కణాలు ముందే రక్తంలో కలిసిపోయి ఉంటవి. అక్కడికి కత్తి చేరదు, మందు చేరాలి. ఈ ఘట్టంలో ఒక తెలుగువాడు ప్రవేశిస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడైనాడు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. దానికి విరుగుడైన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945 ప్రాంతంలో కృత్రిమంగా తయారుచేసింది. కణం రెండుగా చీలడానికి ఈ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి పని మాత్రం చేయని పదార్థాన్ని ఇస్తే, తాళంలో దూరి తిరగని చెవి వలె అడ్డుపడి చీలికను ఆపుతుంది. అట్లాంటి పదార్థాలలో ఒకటి మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించినాడు. ఆ మందు రొమ్ము కాన్సరు గడ్డలను కుదించగలదని 1951లో న్యూయార్కు వైద్యురాలు జేన్ రైట్ చూపినది ఆయన చూడలేదు.

1976లో మిలన్ వైద్యుడు జాన్నీ బొనదొన్నా, శస్త్రచికిత్స తరువాత మెథోట్రెక్సేట్‌తో సహా మూడు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గుతుందని 386 మంది స్త్రీలలో నిరూపించినాడు. గడ్డ తీసిన తరువాత మందులెందుకన్న ప్రశ్నకు ఇదే జవాబు. ఇప్పుడు ఆ మూడింటి స్థానంలో ఎక్కువగా కొత్త మందులు వాడుతున్నారు. కొందరికి మందులు ముందే ఇచ్చి, గడ్డ కుదిరిన తరువాత చిన్న కోతతో సరిపెడుతున్నారు. అంటే కత్తిని చిన్నది చేయడంలో మందుకు కూడ వాటా ఉన్నది. 1970 పేటెంట్ల చట్టం, తయారీ పద్ధతి వేరైతే అదే మందును మరొకరు తయారుచేయడానికి అనుమతించింది. 2005లో ఆ వెసులుబాటు పోయేవరకు హైదరాబాదు పరిసరాల పరిశ్రమ దాని ఆసరాతోనే పెరిగింది.

మిగిలిన ప్రశ్నలు సూది, గడ్డ గురించినవి. గడ్డలన్నీ కాన్సరు కావని 1829లోనే లండన్ వైద్యుడు ఆస్ట్లీ కూపర్ ఒక గ్రంథంలో చిత్రాలతో సహా వివరించినాడు. వయసులో ఉన్న ఆడపిల్లల రొమ్ములో వేలికి తగిలి జారిపోయే గడ్డ, పాలిచ్చే తల్లికి చీము పట్టి వచ్చే గడ్డ, నెలసరికి ముందు బిగిసి నొప్పిపెట్టే గట్టిదనం సామాన్యంగా కాన్సరు కావు. కాన్సరు గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అందుకే దానిని ఊరకే వదిలివేస్తారు. ఏది ఏదో చేతితో తేల్చలేరు గనుక సూదితో కొద్ది కణాలను తీసి చూస్తారు. ఈ పరీక్ష చేయించుకొన్నందువల్ల రోగి ఆయుర్దాయం తగ్గినట్లు పరిశోధనలలో తేలలేదు.

ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో పేటలలోని 35 నుంచి 64 ఏళ్ల స్త్రీలను 1,51,538 మందిని తీసుకొని, సగం మందికి రెండేళ్లకొకసారి చొప్పున నాలుగు సార్లు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేత చేతితోనే రొమ్ము పరీక్ష చేయించింది. ఫలితాలు 2021లో వచ్చినవి. పరీక్షలు జరిగిన వర్గంలో గడ్డలు ముందు దశలోనే బయటపడినవి. 50 దాటిన స్త్రీలలో రొమ్ము కాన్సరు మరణాలు నూటికి సుమారు 30 వంతులు తగ్గినవి. అంతకు తక్కువ వయసువారిలో అట్లాంటి తగ్గుదల కనబడలేదు. ఆ కార్యకర్తలు వైద్యులు కారు, వారి చేతిలో యంత్రమేదీ లేదు.