బిందె ఎత్తిన చెయ్యి

1985 జులై 16. ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె వాళ్లు తాగే మంచినీళ్ల చెరువు.

మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు గేదెలకు కుడితి పెట్టిన బాల్చీలు కడుగుతున్నారు. ఊళ్లో భూమీ పెత్తనమూ ఉన్న కమ్మవారి పిల్లలు. ఆ మురికి చెరువులోకే జారుతోంది. ఒక మాదిగ యువకుడు చూసి, అవి తాము తాగే నీళ్లని అడ్డు చెప్పాడు. చర్నాకోల లేచింది.

అదే సమయానికి నీళ్లకొచ్చింది మున్నంగి సువార్త. కళ్లముందే తన పల్లె పిల్లవాణ్ని కొడుతుంటే ఊరుకోలేకపోయింది. దెబ్బలు తన మీదికీ మళ్లాయి. చేతిలో ఉన్నది బిందె ఒక్కటే. కాచుకోవడానికి దాన్నే ఎత్తింది.

ఎన్నో తరాలుగా వంగి నీళ్లు ముంచుకున్న చెయ్యి అది. ఆ రోజు పైకి లేచింది. ఊరి పెద్దలకు బాల్చీ మురికి తప్పుగా తోచలేదు, చర్నాకోలా తప్పుగా తోచలేదు. ఆ లేచిన చెయ్యే తప్పయింది.

మర్నాడు పొద్దున్నే గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో గుంపు పల్లె మీద పడింది. పొలాలకు అడ్డంపడి పారిపోతున్నవాళ్లను తరిమి తరిమి నరికారు. ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు కట్టుబట్టలతో చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. చాలామంది మళ్లీ ఆ ఊళ్లో కాపురం పెట్టలేదు.

అంతకు దాదాపు ముప్ఫై ఏళ్ల ముందు, 1955 డిసెంబరు 1న, అమెరికాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవాడికి సీటు వదలనంది. అక్కడ సీటు, ఇక్కడ చెరువు. ఆమెకు అండగా ఆ ఊరి నల్లవాళ్లు 381 రోజులు బస్సెక్కలేదు. ఆ పోరాటానికి ముందు నిలిచిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చారు. కేరళలో దళిత పిల్లల బడికి వెళ్తే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే అది నిజమేననిపించిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

మాంట్‌గోమరీ లాగే కారంచేడు కూడా కన్నీళ్లతో ఆగలేదు. చీరాల శిబిరం ఉద్యమానికి పుట్టిల్లయింది. దళిత నాయకులు కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండగా 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష ఖరారు చేసేసరికి 2008 డిసెంబరు. ఇరవై మూడేళ్లు!

చట్టం ఉన్నా నెత్తురు ఆగలేదు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటు వాడికి తగలడంతో మొదలైన పగ ఆగస్టు 6న ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. కొన్ని శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. పంట కట్టే గోతాల్లో మనుషులు! బాధితుల పట్టుదలతో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

మరి మనసుల మాటేమిటి? అమెరికాలో నల్లవారికీ తెల్లవారికీ పెళ్లి సమ్మతమేనన్నవాళ్లు 1958లో నూటికి నలుగురు. 2021లో 94 మంది. అందరి మనసూ కరిగేదాకా అక్కడి న్యాయస్థానం ఆగలేదు. 1967లోనే ఆ పెళ్లిళ్ల మీది నిషేధాలు చెల్లవని తీర్పిచ్చింది. మనుషులు ఎదురు నిలిచాక చట్టం కదిలింది, చట్టం కదిలాక మనసులు కదిలాయి. అయినా 2015లో కొత్తగా పెళ్లయిన అమెరికన్లలో జాతి దాటి చేసుకున్నది నూటికి 17 మందే. మాట ముందు నడుస్తోంది, అడుగు వెనక పడుతోంది.

మన దగ్గర మాటే ఇంకా గడప దాటలేదు. 2011-12లో దేశమంతటా జరిగిన ఒక సర్వేలో కులాంతర వివాహాలు నూటికి ఐదు. నాలుగిళ్లలో ఒకటి అంటరానితనం పాటిస్తున్నామని తానే ఒప్పుకుంది.

మన నల్లరేగడిలో పత్తి తీసేదీ, మిరపకాయ కోసేదీ ఎక్కువగా మాల మాదిగ ఆడకూతుళ్ల చేతులే. ఆ కాయ టిక్కీల్లోకెక్కి గుంటూరు యార్డుకు పోతుంది. అది ఏ చెయ్యి కోసిందని ఏ కొట్టువాడూ అడగడు, ఏ వంటింట్లోనూ దానికి మైల లేదు. మిరపకాయకు అంటని మైల మంచినీళ్లకు ఎలా అంటింది?

ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి పెరట్లోకి వెళ్లండి. మీ ఇంటికి పనికొచ్చిన కూలమ్మకు నీళ్లిచ్చే గ్లాసు ఎక్కడుందో చూడండి. గోడ మీదో, చూరులోనో విడిగా ఉంటే, దాన్ని తెచ్చి మీ గ్లాసుల్లో కలపండి. సువార్త బిందె ఎత్తి ఇన్నేళ్లయింది. మనం గ్లాసు ఎత్తలేమా?